గేటు ముందర నల్ల చుక్క

దుర్గాలక్ష్మి మేడ మీది వాటా ఖాళీగా ఉండటానికి నీళ్ల ఇబ్బంది కారణం కాదు, వాస్తు అంతకంటే కాదు. అనకాపల్లి గానుగ వీధిలో ఆవిడ కుళాయికి వచ్చినంత ధార ఇంకెవరి కుళాయికీ రాదు. కారణం ఫోనులో ఉంది.

ఎవరో చదువుకున్న కుర్రాళ్లు ఒక మ్యాపు తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఏ వీధిలో ఏ నేరం జరిగిందో అందులో చుక్కల్లా కనిపిస్తుంది. దొంగతనమైతే పసుపు చుక్క, కొట్లాటైతే ఎర్ర చుక్క, మనిషి పోతే నల్ల చుక్క. పూర్వం ఇల్లు అద్దెకు కావాలంటే పక్కింటివాళ్లని అడిగేవారు, పాలవాణ్ణి అడిగేవారు. ఇప్పుడు గేటు ముందు నిలబడి, ఇంటివైపు చూడకుండా ఫోనువైపు చూస్తున్నారు. చూసి, "ఆంటీ, మావారితో మాట్లాడి చెప్తాను" అంటారు. ఆ మావారు ఏ లోకంలో ఉంటారోగాని, ఇంతవరకూ ఒక్కరూ తిరిగొచ్చి చెప్పలేదు.

గానుగ వీధి మొత్తానికి ఉన్నది ఒకటే నల్ల చుక్క. అది సరిగ్గా దుర్గాలక్ష్మి గేటు ముందర, నందివర్ధనం మొక్క పక్కన ఉంది.

భర్త పోయాక ఆవిడకి అద్దె కంటే పైన మనుషులు తిరిగే చప్పుడు అవసరం. పిల్లలు లేరు. పొద్దు వాలేసరికి ఇంట్లో గోడ గడియారం తప్ప పలికేది ఉండదు. పైన ఎవరో గిన్నె జారవిడిస్తే, ఒక పిల్ల ఏడిస్తే, మొగుడూ పెళ్లాలు కాసేపు తిట్టుకుంటే చాలు, అదే ఆవిడకి పెద్ద సావాసం. ఆ చుక్క పుణ్యమా అని అదీ లేకుండా పోయింది.

చుక్క ఎలా వచ్చిందంటే, ఎండాకాలంలో ఓ సాయంత్రం ఎవరో ఒక కుర్రాణ్ణి తల మీద కొట్టి ఫోను లాక్కుపోయారు. దారిన పోయే ఆటోవాడెవడో పుణ్యం కట్టుకుని కుర్రాణ్ణి పెద్దాసుపత్రికి తెచ్చాడు. "గానుగ వీధి దగ్గర్లో పడున్నాడు" అని అక్కడి గేటు దగ్గరి మనిషితో చెప్పాడు. ఆ తర్వాత సాక్ష్యాలూ వాయిదాలూ గుర్తొచ్చాయి కాబోలు, పేరు చెప్పకుండా వెళ్లిపోయాడు. కుర్రాడు కళ్లు తెరవకుండానే పోయాడు. కాగితాల్లో "గానుగ వీధి ప్రాంతం" అని రాసుకున్నారు. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు.

దుర్గాలక్ష్మికి మాత్రం ఒకటి బాగా తెలుసు. ఆ సాయంత్రం అంతా ఆవిడ తన అరుగు మీదే కూర్చుని చింతపండులో గింజలు తీసింది. వీధిలో చీమ చిటుక్కుమనలేదు. ఆ మాట ఆవిడ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పింది. ఎవరు వింటారు? నోటితో చెప్పిన మాట కంటే ఫోను చూపించిన చుక్క మీదే జనానికి నమ్మకం.

ఇలా ఉండగా ఒక మంగళవారం సాయంత్రం గేటు తీసేసరికి, నందివర్ధనం మొదట్లో ప్రమిద వెలుగుతోంది. పక్కన విస్తరాకు ముక్కలో అన్నం ముద్ద, వేయించిన చేపముక్క. ఎదురుగా గొంతుక్కూర్చుని ఒక ముసలావిడ. ఆమె వెనక ఫోను పట్టుకుని ఒక అమ్మాయి. దుర్గాలక్ష్మి ఇల్లు మంగళవారం నీసు ముట్టని ఇల్లు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

"ఏటిది? ఎవరే నువ్వు? మంగళారం పూట మా గుమ్మంలో చేపముక్క పెట్టేవు, చేతబడేటి?"

"సేతబడి కాదు తల్లీ," అంది ముసలావిడ లేవకుండానే. "మా బాబు ఇక్కడే ఒరిగిపోయేడు. ఆకలితో ఉంటాడని ముద్ద పెట్టేను."

ఆమె పేరు కొర్లమ్మ. పూడిమడక నుంచి ఆటోలో వచ్చి అనకాపల్లి వీధుల్లో చేపలమ్ముతుంది. పోయిన కుర్రాడు ఎర్రిబాబు ఆమె కొడుకు. వెనకున్న పిల్ల కుమారి, వాడి అక్క, డిగ్రీ చదువుతోంది.

"ఇక్కడని ఎవరు చెప్పేరే నీకు?"

కుమారి ఫోను ముందుకు చాపింది. "మ్యాపులో ఉందండి. తేదీ అదే. వయసూ అదే. తమ్ముడిదేనండి."

దుర్గాలక్ష్మి ఆ మ్యాపుని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. పైనుంచి తీసిన బొమ్మలో తన మేడ కనిపిస్తోంది, మేడ మీద ఆరేసిన దుప్పటి కూడా కనిపిస్తోంది. గేటు దగ్గర నల్ల చుక్క. కుమారి దాన్ని వేలితో తాకగానే తేదీ, వయసు, వాటి కింద "పురుషుడు, దాడి, మృతి" అని పడింది. కన్నతల్లి ముందు ఆ మాటలు చదవడానికి ఆవిడకి మనసొప్పలేదు. అయినా కోపం కోపమే.

"ఆ రోజు నేను అరుగు మీదే ఉన్నాను. ఇక్కడ ఏటీ జరగలేదు. ఈ మ్యాపు తప్పు."

"మిసను అబద్దమాడుద్దేటమ్మా?" అంది కొర్లమ్మ. వాదన కోసం అనలేదు, నిజంగానే అడిగింది. "మడుసులైతే ఆడతారు."

కొర్లమ్మ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. వేటకెళ్లినవాడు సముద్రంలో పోయి శవం దొరక్కపోతే, వాళ్లు ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలుస్తారు. అల తడిపిన ఇసక గుప్పెడు తీసి కొత్త కుండలో వేసి, గుడ్డ కప్పి, దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి తెస్తారు. అప్పుడుగాని ఆ మనిషి పెద్దల్లో కలవడు. నేల మీద అర్ధాంతరంగా పోయినవాడికీ అంతే, ఒరిగిన చోటి మట్టి కావాలి. శవాన్ని సాగనంపడం అయిపోయినా, పిలవని మనిషి పడ్డచోటే నిలబడి ఉంటాడు, తనవాళ్లు ఎప్పుడొస్తారా అని దారి చూస్తూ ఉంటాడు. పిలవబోయే ముందు కొన్ని మంగళవారాలు అక్కడ దీపం పెట్టి ముద్ద పెట్టాలి.

అందుకే కొర్లమ్మ, కొడుకు పోయినప్పటి నుంచీ కనిపించిన ప్రతివాణ్ణీ ఒకటే అడిగింది, నా బాబు ఎక్కడ పడ్డాడని. స్టేషన్లో అడిగితే ఆసుపత్రికి వెళ్లమన్నారు. ఆసుపత్రిలో అడిగితే స్టేషనుకి వెళ్లమన్నారు. చివరికి కుమారి ఫోనులో ఆ చుక్క దొరికింది. ఆ రోజు తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఎక్కడో తెలిసింది కదా, ఇక తెచ్చుకోవచ్చు.

దుర్గాలక్ష్మి ఇదంతా గేటు పట్టుకుని నిలబడి విన్నది. విని, "సర్లే, దీపం కొండెక్కేదాకా ఉండి పట్టుకెళ్లిపో" అని లోపలికి వెళ్లి, విశాఖపట్నంలో ఉన్న తమ్ముడు దేవీప్రసాద్‌కి ఫోను చేసింది. "ఒరే, ఆ మ్యాపువాళ్లకి గట్టిగా రాయరా. లేని చుక్క పెట్టి నా ఇంటి పరువు తీసేరు. ఇప్పుడు దీపాలు కూడా పెడతన్నారు." తమ్ముడు ఆ రోజే రాశాడు. జవాబు రాలేదు.

మళ్లీ మంగళవారం వచ్చింది, కొర్లమ్మా వచ్చింది. ఈసారి దుర్గాలక్ష్మి అరవలేదు. గాలికి దీపం ఆరిపోతుంటే చూడలేక ఒక ఇటుక తెచ్చి అడ్డం పెట్టింది. ఆ పై మంగళవారం, "ఎంతసేపని గొంతుక్కూర్చుంటావు, అరుగు మీద కూకో" అంది. తరవాత తనూ పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. మంగళవారం వస్తే మధ్యాహ్నం నుంచే వీధిలోకి చూసేది. ఇంటికి ఎవరో వస్తారని ఎదురు చూసి ఆవిడకి చాలాకాలమైంది.

"ఆడికి సముద్రం పడదమ్మా," అని చెప్పింది కొర్లమ్మ ఒకసారి. "బోటెక్కితే కక్కేసుకుంటాడు. గంగపుత్రుడి కడుపున పుట్టి నీల్లు పడవేటని అందరూ నవ్వీవోరు. ఆల్ల అయ్యా సముద్రంలోనే పోయేడు. సర్లే, ఈడైనా మిగుల్తాడని నానే పంపేను ఊల్లోకి. బెల్లం మార్కెట్లో లగేజి ఆటో తోలీవోడు. సముద్రం మింగేత్తదని బయపడి పంపితే, ఊరు మింగేసింది."

"ఊరుకో కొర్లమ్మా."

"కుక్కలంటే బయం ఆడికి. ఇంతెత్తు మనిషి, కుక్కపిల్ల వత్తే నా ఎనకాల దూరీవోడు. ఈ ఈదిలో కుక్కలున్నాయేటమ్మా?"

వీధిలో కుక్కలకేం కొదవ. "లేవు," అంది దుర్గాలక్ష్మి. "ఒక్కటీ లేదు."

తమ్ముడి చేత రాయించిన సంగతి ఆవిడ కొర్లమ్మకి చెప్పలేదు. వద్దులేరా అని తమ్ముడికీ చెప్పలేదు. కొర్లమ్మ మీద జాలి ఉంది, పైన మనుషుల చప్పుడు కావాలనీ ఉంది. ఏదీ వదులుకోలేకపోయింది.

అమావాస్య నాడు పొద్దున్నే పిలవడానికి వచ్చారు. కొర్లమ్మ, కుమారి, వాళ్లవైపు పెద్దమనిషి ఒకాయన. కొత్త కుండకి పసుపు రాసి ఉంది. సిమెంటు రోడ్డుకీ గేటుకీ మధ్య నందివర్ధనం కోసం వదిలిన జానెడు మట్టి గట్టిపడిపోయి ఉంటే, దుర్గాలక్ష్మే లోపల్నుంచి గునపం తెచ్చి, మొక్క వేరు తెగుతుందని కూడా చూసుకోకుండా తవ్వి ఇచ్చింది.

కొర్లమ్మ ఆ మట్టి ముందు నిలబడి గొంతెత్తింది. "ఎర్రిబాబో! నాయినా! లెగు, ఇంటికెల్లిపోదాం. అమ్మొచ్చింది. మీ అప్ప కుమారొచ్చింది. సముద్రం మీదికి పంపనురా, బోటెక్కమననురా, ఇంట్లోనే ఉందువుగాని. లెగు నాయినా."

కుండ నెత్తిన పెట్టుకుని వాళ్లు మాట్లాడకుండా వెళ్లిపోయారు. దుర్గాలక్ష్మి లోపలికి వచ్చి తలుపేసుకుని, తన మనిషి పోయినప్పుడు ఏడ్చినట్టు ఏడ్చింది.

తర్వాత కొర్లమ్మ మారింది. మళ్లీ వచ్చిన రోజు చేపల గంప దింపి, మొదటిసారి పళ్లు కనపడేలా నవ్వింది. "వచ్చేసేడమ్మా. కల్లోకొచ్చి, కూడెట్టమని కూకున్నాడు. కడుపునిండా తిన్నాడు. పెద్దల్లో కలిసిపోయేడు." ఆ రోజు బుధవారం. రెండు వంజరాలు దుర్గాలక్ష్మి గిన్నెలో పడేసి, డబ్బులిస్తే తీసుకోలేదు. ఎర్రిబాబు లేకపోయినా ఇక వాడి గురించి బెంగలేదని ఆ మనిషి నడకలోనే తెలుస్తోంది. 

ఇంకో నెల గడిచాక దేవీప్రసాద్ ఫోను చేశాడు. గొంతులో హుషారు.

"అక్కా, పనైపోయింది! మ్యాపువాళ్లు జవాబిచ్చేరు. అసలు ఎక్కడ జరిగిందో వాళ్లకీ తెలీదంట. కాగితాల్లో వీధి పేరొక్కటే ఉందంట. అందుకని వీధికి సరిగ్గా మధ్యన చుక్క పెట్టేసేరు. ఆ మధ్య నీ గేటు అయ్యింది, అంతే. ఇప్పుడు ఇళ్లు లేని చోటికి, రైలు గేటు అవతల తుప్పల్లోకి జరిపేసేరు."

దుర్గాలక్ష్మి సంతోషించింది. ఆ వెంటనే కొర్లమ్మ గుర్తొచ్చింది. మట్టి తీసుకెళ్లడం ఎప్పుడో అయిపోయింది కదా, ఇక ఆ మ్యాపుతో వాళ్లకేం పని, అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

వారం తిరక్కుండా మేడకి మనుషులు కుదిరారు. పైడిరాజు అనే ఆయన, భార్య, ఇద్దరు పిల్లలు. కె. కోటపాడు వాళ్లు. మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. గేటు ముందు నిలబడి ఫోను చూసుకుని, నవ్వుకుంటూ లోపలికి వచ్చారు. ఆదివారం సామాను దిగింది. పిల్లలు మెట్లెక్కీ దిగీ ఇల్లు పీకి పందిరేస్తుంటే, దుర్గాలక్ష్మి కింద నిలబడి ఆ చప్పుడు వింటూ టీ పెట్టడం కూడా మరిచిపోయింది.

అప్పుడు వచ్చింది కొర్లమ్మ. నెత్తిన గంప లేదు. చీర కుచ్చిళ్లకి ముళ్లు అంటుకుని ఉన్నాయి, పాదాలు బురదగా ఉన్నాయి. వెనక కుమారి ఏడుస్తూ వస్తోంది.

"సుక్క కదిలిపోయిందమ్మా!" అంది కొర్లమ్మ గేటు పట్టుకుని. "మీ ఇంటికాడ లేదు. ఎక్కడో రైలు గేటు ఎనకాలుంది."

కుమారి ఆ మ్యాపు ఇంకా చూస్తూనే ఉందట. తమ్ముడి ఫొటోలన్నీ వాడి ఫోనుతోపాటే పోయాయి. చూసుకోవడానికి ఏమీ మిగలక, ఆ పిల్ల అప్పుడప్పుడు ఆ చుక్కనే తెరిచి చూసుకునేది. ఈ రోజు తెరిస్తే చుక్క అక్కడ లేదు.

"ఆ తుప్పల్లోకి ఎల్లొచ్చేను. మురుగునీరు, ముల్లు. పిలిసేను. ఏటీ తెలిసి రాలేదు. ఈ పిల్ల ఆ మ్యాపోల్లకి రాత్తే, ఎక్కడో మాకూ తెల్దు అన్నారంట. టేసన్లో తెల్దు, ఆసుపత్రిలో తెల్దు, ఆల్లకీ తెల్దు. మరి నాను ఎవర్ని తీసుకెల్లిపోయేనమ్మా? ఆ కుండలో ఎవరున్నారు? నా గుంటడు ఎక్కడ నిలబడున్నాడు? అమ్మొచ్చి ఎవర్నో పిలుసుకుపోయింది, నన్నొదిలేసింది అనుకోడా?"

పైన పిల్లల చప్పుడు ఆగిపోయింది. పైడిరాజు భుజాన గ్యాసు బండతో మెట్ల మీదే నిలబడిపోయాడు. వీధిలో ఒకరిద్దరు గుమ్మాల్లోకి వచ్చారు.

దుర్గాలక్ష్మికి నిజం తెలుసు. తన గేటు ముందు ఎవరూ పడలేదు. ఎక్కడ పడ్డాడో చెప్పగలిగిన మనిషి ఈ ఊళ్లో దొరకడు. ఆ నిజం చెప్తే కొర్లమ్మ బతికినన్నాళ్లూ తుప్పలెంట తిరుగుతుంది. ఆలోచించడానికి వ్యవధి లేదు.

"నీ కొడుకు నీ ఇంట్లోనే ఉన్నాడు," అంది. "సరైన చోటినుంచే తీసుకెళ్లేవు. ఇక్కడే పడ్డాడు."

"మ్యాపులో..."

"మ్యాపు నేనే మార్పించేను. మా తమ్ముడి చేత రాయించి మార్పించేను. మేడలోకి ఎవరూ రావడం లేదని."

"ఆ రోజు అరుగు మీదే ఉన్నానన్నారు. ఏటీ అవలేదన్నారు," అంది కొర్లమ్మ.

"అబద్ధం చెప్పేను. ఇంటికి చెడ్డపేరొస్తుందని. లోపలున్నాను. చప్పుడైంది. విన్నాను."

కొర్లమ్మ అక్కడే చతికిలబడింది. నందివర్ధనం మొదలు చేత్తో తడిమింది. "ఇక్కడేనా?" అంది. "ఇక్కడే," అంది దుర్గాలక్ష్మి. "ఈ మొక్క దగ్గరే." ముసలిదాని మొహంలోకి మెల్లగా ప్రాణం వచ్చింది. "అయితే ఇంట్లో ఉన్నది మా బాబేనే," అని కూతురితో అంది. ఆ మొహం చూసి దుర్గాలక్ష్మి ఊపిరి పీల్చుకుంది.

"ఏటైనా అన్నాడా అమ్మా?"

అక్కడ ఆగిపోవలసింది. కాని ఏ తల్లి అయినా వినాలనుకునే మాట ఒకటే కదా అనిపించింది ఆవిడకి. "అమ్మా అన్నాడు."

కొర్లమ్మ చెయ్యి మట్టిలోనే ఉండిపోయింది. తల మాత్రం ఎత్తింది.

"అమ్మా అంటే... నువ్విన్నావా?"

"విన్నాను."

"గేటు తియ్యలేదా?"

ఇంతవరకూ 'మీరు' అన్న మనిషి 'నువ్వు' అంటోంది. ఒక్క మాటంటే చాలు, ఇదంతా అబద్ధం కొర్లమ్మా, నీ బాధ చూడలేక అన్నాను అంటే చాలు, ఈ చూపు తన మీదినుంచి పోతుంది. ఆ చూపుతోపాటు కుర్రాడూ పోతాడు, మళ్లీ ఎక్కడో తెలియని చోట నిలబడతాడు.

"తియ్యలేదు," అంది దుర్గాలక్ష్మి. "భయమేసింది."

"నీల్లైనా పొయ్యలేదా నా గుంటడి నోట్లో?"

"పొయ్యలేదు."

కొర్లమ్మ లేచింది. తిట్టలేదు, శాపం పెట్టలేదు. "ఇన్ని మంగళారాలు నా పక్కనే కూకున్నావు," అంది. "ఆడి కబుర్లన్నీ నాసేత సెప్పించుకున్నావు. నువ్వు మడిసివేనా?" కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

పైడిరాజు గ్యాసు బండ కిందికి దింపేశాడు. ఆ సాయంత్రానికి సామానంతా వచ్చిన ఆటోలోనే తిరిగి ఎక్కింది. అతని భార్య పోతూ పోతూ దుర్గాలక్ష్మిని చూడకుండా పిల్లల్ని ముందుకు తోసుకుంటూ వెళ్లింది. సంగతి వీధంతా పాకిపోయింది. దేవీప్రసాద్ ఫోను చేసి, "నీకు మతిపోయిందేటే అక్కా? ఆ రోజు అరుగు మీదున్నానని నువ్వే కదా చెప్పేవు. రేపు పోలీసులొచ్చి అడిగితే?" అని అరిచాడు. "అప్పుడు చూసుకుందాంలే. ఈలోగా నువ్వు ఎవరితోనూ అనకు, నా మీద ఒట్టు" అని ఆవిడ పెట్టేసింది.

కొర్లమ్మ ఇప్పటికీ గానుగ వీధిలో చేపలమ్ముతుంది. అన్ని గుమ్మాల ముందూ గంప దింపుతుంది, ఆ గేటు ముందు తప్ప. ఎవరైనా కొత్తవాళ్లు కొంటుంటే, తూకం వేస్తూ అటు చూపించి చెబుతుంది. "ఆ ఇంటికాడే మా బాబు ఒరిగిపోయేడు. అమ్మా అని పిలిత్తే ఆవిడ గేటు తియ్యలేదు. నానే వచ్చి తీసుకెల్లిపోయేను. ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు."

కిటికీ రెక్క వెనక నిలబడి దుర్గాలక్ష్మి ఆ మాటలు వింటుంది. ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు అనేటప్పుడు కొర్లమ్మ గొంతు ఎక్కడా తడబడదు. తనకి కావలసింది అదే. అయినా విన్న ప్రతిసారీ ఏడుపు వస్తుంది, మేడ మీది వాటా ఖాళీగా ఉంది కాబట్టి ఆ ఏడుపు ఎవరికీ వినపడదు.